రెండు రెళ్ళు నాలుగా, రెండు రెళ్ళ నాలుగా?

పలక-బలపం:
అందరికీ నమస్కారం. రెండో తరగతికి లెక్కలు చెప్తాను. గోడకి ఎక్కాల చార్టు రాద్దామని కూర్చుంటే రెండో ఎక్కం రెండో వరుసలోనే చెయ్యి ఆగింది. "రెండు ఒకట్ల రెండు" బాగానే ఉంది. తర్వాతది "రెండు రెళ్ళు నాలుగు" అని రాయాలా, "రెండు రెళ్ళ నాలుగు" అనా? పైకి చదువుకుంటే ఒకసారి అలా, ఒకసారి ఇలా వస్తోంది. పిల్లలు దాన్నే చూసి వల్లె వేస్తారు కాబట్టి అడుగుతున్నాను.

అరసున్న:
రెళ్ళు. పండు, పండ్లు, పళ్ళు. బండి, బండ్లు, బళ్ళు. అలాగే రెండు, రెండ్లు, రెళ్ళు. మూడు మూళ్ళు అవడం తాడు తాళ్ళు అయినట్టే. "రెండు రెళ్ళు" కర్త, "నాలుగు" ఆఖ్య, అంటే కర్త గురించి చెప్పే మాట. "ఆయన మాస్టారు" అన్నట్టు క్రియ లేని వాక్యం, ప్రథమా విభక్తి తప్ప ఇంకేదీ కుదరదు. ధైర్యంగా రాసెయ్యండి.

ద్రుతం:
అరసున్న గారూ, అలాగైతే పై వరుసలో ఉన్న "ఒకట్ల" సంగతేమిటి? దాన్ని ఎవరూ "ఒకట్లు రెండు" అనరు. కిందికి దిగండి. నాలుగుల ఎనిమిది, ఐదుల పది, ఆరుల పన్నెండు, ఏడుల పద్నాలుగు, పదుల ఇరవై. పది వరుసల్లో గట్టిగా "ళ్ళు" అనేవి రెండే. మెజారిటీ మాట కాదని ఆ రెండింటి వెనకాల పడతారా? నా ఉద్దేశంలో అది "రెళ్ళన్". చివరి ద్రుతం, అంటే ఆ "న్", నోళ్ళల్లో అరిగిపోయింది. రెండు రెళ్ళ వల్ల నాలుగు అని అర్థం.

అరసున్న:
మీ పేరు చూసినప్పుడే అనుకున్నాను, ఎక్కడో ఒకచోట ద్రుతం తెచ్చి పెడతారని. వ్యాకరణానికి ఓట్ల లెక్కింపు ఉండదండీ.

శకటరేఫ:
ఇద్దరూ సంధి సంగతి వదిలేశారు. ఎక్కం వేగంగా చదివేటప్పుడు జవాబు అచ్చుతో మొదలైతే మీరు కొట్టుకుంటున్న అక్షరమే ఉండదు. "రెండు మూళ్ళారు", "నాలుగు రెళ్ళెనిమిది". మూళ్ళు అనుకుంటే ఉత్వసంధి, మూళ్ళ అనుకుంటే అత్వసంధి, వినపడేది మాత్రం ఒకటే. కాబట్టి సాక్ష్యం కావాలంటే జవాబు హల్లుతో మొదలయ్యే వరుసల్లోనే వెతకాలి: రెండు రెళ్ళు నాలుగు, మూడు మూళ్ళు తొమ్మిది, ఐదు రెళ్ళు పది, ఆరు రెళ్ళు పన్నెండు, అలా. మిగతా వరుసల్ని సాక్షుల జాబితాలోంచి కొట్టెయ్యండి.

యతిభంగం:
జంధ్యాల సినిమా ఉంది కదా, రెండు రెళ్ళు ఆరు. దాని పేరు చూస్తే సరిపోదూ?

శకటరేఫ:
ఆ పేరును రెళ్ళు అని రాసేవాళ్ళున్నారు, రెళ్ళ అని రాసేవాళ్ళూ ఉన్నారు. పైగా అక్కడ జవాబు "ఆరు". అచ్చు! లెక్క తప్పు కాబట్టే సాక్ష్యం కూడా చెల్లకుండా పోయింది. జంధ్యాల గారు నాలుగు అని ఉంటే మనకీ గొడవ ఉండేది కాదు, ఆయనకు సినిమా ఉండేది కాదు.

కందం:
ఛందస్సును అడుగుదామన్నా లాభం లేదు. రెళ్ళు గురువు, లఘువు. రెళ్ళ కూడా గురువు, లఘువే. ఏ పద్యంలో పడ్డా గణం మారదు. ప్రాసస్థానం కూడా హల్లునే అడుగుతుంది తప్ప అచ్చును పట్టించుకోదు.

పలక-బలపం:
ఇంత లోతు ఉందని తెలీదండీ. అసలు నన్ను తికమక పెట్టింది ఇంకొకటి ఉంది, అదీ అడిగేస్తాను. "రెండు మూళ్ళు" పెట్టి చూపించమంటే ఒక పిల్ల మూడేసి రాళ్ళు రెండు కుప్పలు పెట్టింది. నా చేతిలో ఉన్న పుస్తకంలో 2 × 3 పక్కన బొమ్మ రెండేసి చొప్పున మూడు కుప్పలు. రెండును మూడుసార్లు కూడాలట. పిల్ల పెట్టింది తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. తెలుగు విన్నది విన్నట్టు చేసింది కదా.

ద్రుతం:
ఆ పిల్ల చేసింది నూటికి నూరుపాళ్ళు తెలుగు. బహువచనం ఎక్కడ పడిందో చూడండి. "రెండు మూళ్ళు", అంటే మూడు అనే వస్తువులు రెండు. కుప్పల సంఖ్య రెండు, కుప్పలో ఉన్నవి మూడు. మన రెండో ఎక్కం మొత్తం ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసే పట్టిక. పుస్తకం బొమ్మ ప్రకారం చదవాలంటే "మూడు రెళ్ళు ఆరు" అనాలి. అది మూడో ఎక్కంలో రెండో వరుస.

అరసున్న:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. కానీ ఎక్కం వరుసలు పెరిగేది 2, 4, 6, 8 అని రెండేసే కదా? రెట్టింపు పట్టికైతే రెండేసి ఎలా పెరుగుతోందని పిల్లలు అడిగితే?

పలక-బలపం:
అది రాళ్ళతోనే తేలిపోతుందండీ. కుప్పలు రెండే ఉంటాయి, మారవు. రెండు మూళ్ళ నుంచి రెండు నాలుగులకి వెళ్ళాలంటే ఈ కుప్పలో ఒక రాయి, ఆ కుప్పలో ఒక రాయి వెయ్యాలి. అందుకే మొత్తం రెండు పెరుగుతుంది. ఏడో ఎక్కమైతే ఏడు కుప్పలు, ఒక్కో రాయి వేసుకుంటూ పోతే ఏడు. అవే రాళ్ళను అడ్డంగా రెండు వరుసలు, వరుసకు మూడు చొప్పున పేర్చి, పిల్లల్ని పక్కకు తిరిగి చూడమంటే నిలువుగా రెండేసి మూడు వరుసలు కనిపిస్తాయి. అక్కడ పుస్తకానికీ పిల్లకీ తగువు తీరిపోతుంది. ఈ పేర్పు చూపించకుండా "అటూ ఇటూ మార్చినా జవాబు ఒకటే" అని నోటితో చెప్పేస్తే వాళ్ళు నమ్ముతారు కానీ చూడరు.

కందం:
"మూడేసి" అన్నారు చూశారా, ఆ "ఏసి"ని మనం బడిలో సరిగ్గా వాడుకోవట్లేదు. రెండేసి, మూడేసి, నాలుగేసి. గుణకారం అంతా ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది. భాగహారంలోనైతే ఇంకా పనికొస్తుంది. ఆరును ముగ్గురికి పంచడం వేరు, ఆరును మూడేసిగా విడదీయడం వేరు. రెండింటికీ 6 ÷ 3 = 2 అనే రాస్తాం. మొదటి దాంట్లో జవాబు తలా ఎన్ని వచ్చాయన్నది. రెండో దాంట్లో జవాబు ఎన్ని కుప్పలయ్యాయన్నది. శేషం వచ్చినప్పుడు తెలుస్తుంది తేడా. ఏడింటిని ముగ్గురికి పంచితే మిగిలిన ఒకదాన్ని ముక్కలు చేసి పంచుదామంటారు పిల్లలు. మూడేసిగా విడదీస్తే మాత్రం ఆ ఒకటి అలా ఒంటరిగా కూర్చుంటుంది. భాజ్యం, భాజకం, భాగఫలం అన్న పేర్లు ఆ తర్వాత చెప్పినా కొంపలేమీ మునగవు.

యతిభంగం:
అసలు "ఎక్కం" అంటే ఏమిటంటారు? ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాం కాబట్టి ఎక్కం అని నా ఊహ.

శకటరేఫ:
బాగుంది కానీ, ప్రాకృతంలో ఒకటిని "ఎక్క" అంటారు. సంస్కృతం ఏక, ప్రాకృతం ఎక్క, మన ఎక్కం. ఒకటితో మొదలయ్యేది కాబట్టి ఆ పేరు.

యతిభంగం:
ఒకటితో మొదలవడం సరే, పదితో అయిపోతుంది కదా, "దశం" అని ఎందుకనలేదో! నాకు మెట్లే నచ్చాయి, వాటి మీదే ఉంటాను.

ద్రుతం:
రెళ్ళ దగ్గరికి వస్తాను, కొత్త సాక్ష్యం దొరికింది. కొలతలు. "రెండు మూరల గుడ్డ", "ఐదు లీటర్ల నీళ్ళు", "పది మీటర్ల తాడు". కొలత పక్కన వస్తువు పేరు రాగానే "లు" పోయి "ల" వస్తోంది. ఎవరూ "రెండు మూరలు గుడ్డ" అని రాయరు. ఎక్కంలోనూ అదే జరుగుతోంది. రెండు మూరల గుడ్డ ఎలాగో, రెండు రెళ్ళ నాలుగు అలాగే. రెళ్ళతో కొలిస్తే రెండొచ్చిన నాలుగు! గుణకారం, కొలత ఒకటేనని మన విభక్తికి ముందే తెలుసు. అన్నట్టు, నా "రెళ్ళన్" సిద్ధాంతాన్ని దీనికోసం అటక మీద పెట్టేశాను.

అరసున్న:
ముచ్చటగా ఉంది. కానీ "రెండు మూరల గుడ్డ" వాక్యం కాదు. వింటే "ఊఁ, ఆ గుడ్డకేమైంది?" అని అడగాలనిపిస్తుంది. "రెండు రెళ్ళు నాలుగు" అంటే ఇంకేమీ అడగనక్కర్లేదు, విషయం తేలిపోయింది. ఎక్కం తేల్చి చెప్పేదే కానీ వర్ణించేది కాదు.

కందం:
కొలతల మాట వచ్చింది కాబట్టి "ఎడు" గురించి ఒక మాట. మూర అంటే కొలిచే సాధనం. మూరెడు అంటే ఆ సాధనంతో ఒకసారి కొలిచినంత. జానెడు, బెత్తెడు, బారెడు, దోసెడు, గుప్పెడు, చిటికెడు, అన్నీ అంతే. అందుకే "రెండు మూరలు" అంటాం, "రెండు మూరెళ్ళు" అనం. ఒకటి అన్నది "ఎడు"లోనే దాక్కుంది. పిల్లలకు మొదట జానలతో బల్ల కొలిపించేటప్పుడు ఈ మాటలు అందిస్తే కొలత అంటే ఏమిటో సగం పని అక్కడే అయిపోతుంది. ఒకరికి ఆరు జానలు, ఇంకొకరికి ఏడు వస్తాయి. ఎవరిది ఒప్పు అని గొడవ పడతారు. ఆ గొడవ ముదిరాకే సెంటీమీటరు తియ్యాలి. ముందే తీస్తే అది ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలీదు.

పలక-బలపం:
స్కేలు తీసినా టెన్షన్ తప్పదండీ. పెన్సిల్ మొనను 1 దగ్గర ఆనించి, రెండో కొస 8 దగ్గర ఉంది కాబట్టి 8 సెంటీమీటర్లు అంటారు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం నేర్పింది మనమే కదా, వాళ్ళ తప్పేముంది? గీతల్ని లెక్కపెడుతున్నారు, గీతకీ గీతకీ మధ్య జాగాను కాదు. గీతలు ఎనిమిది, జాగాలు ఏడు. అందుకని మొదట సున్నా వైపు అరిగిపోయిన స్కేలు ఇస్తాను. 3 నుంచి 10 వరకు కొలవమంటే జాగాలు లెక్కపెట్టక తప్పదు. ఆ తర్వాత మంచి స్కేలు ఇస్తే సున్నా విలువ తెలుస్తుంది.

శకటరేఫ:
టీచరు గారూ, ఇది ప్రత్యేకంగా ఒక పోస్టు రాయండి. ఇక్కడ ళ్ళ, ళ్ళు మధ్యలో నలిగిపోతుంది.

కందం:
లెక్కలూ తెలుగూ అన్నాక పావులూరి మల్లనను తలుచుకోకుండా ఎలా? మహావీరాచార్యులు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. నన్నయ సమకాలికుడా, కాస్త తర్వాతివాడా అన్న వాదన ఉండనే ఉంది, దాన్ని ఇక్కడ కదపొద్దు. మహావీరుడికి హారాల్లాంటి గుణకారాలంటే సరదా. 142857143ను 7తో గుణించి చూడండి, 1000000001 వస్తుంది. రెండు కొసలా ఒకట్లు, మధ్యలో సున్నాలు పూసల్లా. ఇలాంటి లెక్కల్ని గణం తప్పకుండా, యతి చెడకుండా పద్యంలో కూర్చోబెట్టాడంటే మల్లనకు దణ్ణం పెట్టాలి. కందంలో మొత్తం 64 మాత్రలు, నాలుగు మాత్రల గణాలు పదహారు. పద్యం రాయడమే ఒక గుణకారం.

యతిభంగం:
మాత్రల దగ్గర ఆగిపోతే ఎలా? రెట్టింపు అసలు మజా వృత్తాల్లో ఉంది. ఒక్కో అక్షరం గురువో లఘువో కావచ్చు, అంటే అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపు. 20 అక్షరాల కృతి ఛందస్సులో 1048576 వృత్తాలు. వాటిని వరుసగా పేరిస్తే మన ఉత్పలమాల 355799వది. పిల్లలకూ చేతనయ్యే లెక్కే: మొదటి అక్షరం నుంచి 1, 2, 4, 8 అని రెట్టిస్తూ విలువలు వేసుకోండి, లఘువులున్న చోట్ల విలువలు మాత్రం కూడండి, చివర ఒకటి కలపండి.

అరసున్న:
చంపకమాల 711600. ఉత్పలమాల సంఖ్యను రెట్టించి రెండు కలిపితే సరిగ్గా అదే.

యతిభంగం:
ఎందుకు కాదు! ఉత్పలమాల మొదటి గురువును తీసి రెండు లఘువులు పెడితే చంపకమాల. మిగతా అక్షరాలన్నీ ఒక్కో స్థానం జరిగాయి కాబట్టి విలువలు రెట్టింపు. కొత్త లఘువులకు 1, 2, ఆ పైన ఎప్పుడూ కలిపే ఒకటి. శార్దూలం, మత్తేభం జంట కూడా ఇంతే: 149337, 298676. పోతన మత్తేభాన్ని పైకి చదువుతూ మొదటి రెండు లఘువుల్ని ఒక గురువుగా ఊహించుకోండి, కింద శార్దూలం నడక వినపడుతుంది. ఆయన నోట ఆ రెండు లఘువులూ పరుగుకు ముందు తీసుకున్న ఊపులా ఉంటాయి.

ద్రుతం:
రెళ్ళ గురించి ఎవరైనా ఏమైనా తేల్చారా?

అరసున్న:
తేల్చాను కదా, మొదటి జవాబులోనే.

శకటరేఫ:
మాలిని వృత్తానికి కూడా లెక్క కట్టి చూడండి. న న మ య య, 15 అక్షరాలు. నాకు 4672 వచ్చింది. మొదటి ఆరు లఘువులు కూడేసి 64 అని అక్కడే ఆగిపోకండి, 10వ అక్షరం, 13వ అక్షరం కూడా లఘువులే.