వర్మిక్యులైట్ బిళ్ళలో కరెంటు మోసేది సోడియమా, ప్రోటానా?

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు. సైదాపురం వైపు దొరికే వర్మిక్యులైట్ (అభ్రకం లాంటి పొరల ఖనిజం) తీసుకున్నా. అభ్రకంలో పొరల మధ్య పొటాషియం గట్టిగా ఇరుక్కుని ఉంటుంది, అందుకే ఇన్సులేటర్. ఇందులో మాత్రం మెగ్నీషియం, నీళ్లు ఉంటాయి కాబట్టి ఉప్పునీళ్లలో నానబెట్టి సోడియం ఎక్కించి, బిళ్ళగా నొక్కా.

ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే నిరోధం) గ్రాఫులో అర్ధవృత్తం, దాని పక్కన తోక బాగానే వచ్చాయి. కానీ ముసురు పట్టిన రోజు వాహకత ఎగబాకుతోంది. బిళ్ళను 120 డిగ్రీల్లో ఆరబెట్టి కొలిస్తే పడిపోతోంది. పొరల్లోని నీళ్ల వల్ల ప్రోటాన్లు మోస్తున్నాయా, లేక నీళ్లుంటే సోడియమే తేలిగ్గా కదులుతోందా? తేల్చేదెలా?

ఇంకోటి, నొక్కినప్పుడు రేకులన్నీ అప్పడాల దొంతరలా పడుకుంటున్నాయి. అంటే నేను కొలిచేది పొరలకు అడ్డంగానే. పొరల వెంబడి కొలవాలంటే బిళ్ళ అంచులకు సిల్వర్ పేస్ట్ పూస్తే సరిపోతుందా? గ్లవ్ బాక్స్ (తేమ, గాలి చొరబడని పెట్టె) కొనమని మాత్రం చెప్పకండి, మా ల్యాబ్‌లో ఓవెనే గొప్ప.