సమస్య: ముసలిదానిఁ జూచి మురిసె యువత

ఈసారి మా పద్యాల బృందానికి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ సభ్యులు పూరించాలి. షరతు ఒక్కటే: ఆ ముసలిది పాతకాలపు బండి కావాలి, పద్యంలో ‘కారు’ అన్న మాట రాకూడదు. వయసు ఎంతుండాలని అడక్కండి. పాతబండ్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు నిండితే చాలంటుంది. మనుషుల్లో అయితే వాళ్లు ఇంకా యువతే!

పూరణ 1

వెనుక గుండె కొట్టు, వింత! ముందున పెట్టె,
గాలి చాలు, దప్పి గలుగదెపుడు,
బొద్దు మేని సొగసు, బుగ్గల దీపాలు –
ముసలిదానిఁ జూచి మురిసె యువత.

పేరు చెప్పకుండానే ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని పట్టించారు. ఇంజన్ వెనక, సామాను పెట్టె ముందు, చల్లబరచడానికి నీళ్లు అక్కర్లేదు, గాలే దిక్కు. ‘దప్పి గలుగదెపుడు’ ఈ వారం నాకు బాగా నచ్చిన ముక్క.

ఒక సభ్యురాలి అభ్యంతరం: “బీటిల్ 2003 దాకా తయారైందండీ. ముసలిదో కాదో పద్యంలో ఎలా తెలుస్తుంది?”

న్యాయమే. దారిలో కనిపిస్తే మాత్రం నేను మొదట చూసేది వెనక కిటికీ అద్దమే. అది రెండు ముక్కలుగా ఉంటే 1953 లోపుది. ఒకే ముక్కై కోడిగుడ్డులా ఉంటే 1957 లోపుది. ఆ అద్దం పద్యంలోకి వచ్చుంటే తిరుగుండేది కాదు.

పూరణ 2

చేతి పిడిని తిప్పి చెమటోడ్చి లేపాలి,
నలుపు చీర తప్ప నచ్చదంట,
కదలి వచ్చువేళ గడగడ యను సద్దు –
ముసలిదానిఁ జూచి మురిసె యువత.

ఫోర్డ్ మోడల్ టి. ‘లేపాలి’ పక్కన ‘వచ్చువేళ’ కాస్త ఎబ్బెట్టుగా ఉంది. ఒకటి వాడుక భాష, ఒకటి గ్రాంథికం, ఏదో ఒక దారిలో వెళ్లండి. ‘నచ్చదంట’ మాత్రం మార్చకండి, ముసలమ్మ మొండితనం అందులోనే ఉంది. అయితే నలుపు ఒక్కటే అన్న నియమం 1914 నుంచి 1925 దాకానే. 1908లో పుట్టినప్పుడు, 1927లో ఆగిపోయే ముందు వేరే రంగులు కట్టింది.

పిడి తిప్పి ఇంజన్ లేపడం చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే ఒకరు ఇలా రాశారు: “తిప్పేవాడు బొటనవేలు పిడి చుట్టూ వెయ్యడు, మిగతా వేళ్ల పక్కనే ఉంచుతాడు. ఇంజన్ ఎదురు తన్నిందంటే మణికట్టు విరుగుతుంది. అందుకే ఆ నాలుగు క్షణాలూ చూసేవాళ్లకి కూడా టెన్షనే.” ఇదీ పద్యంలో పడాల్సిన విషయం.

పూరణ 3

రెక్కలెత్తి తలుపు రివ్వున లేవగా
పక్షి యనుచు జనులు పరుగు దీయ,
డెబ్బదేండ్లు దాటె, వన్నె తరుగలేదు –
ముసలిదానిఁ జూచి మురిసె యువత.

1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్. ఊహ బాగుంది, మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) జారింది. ‘డె’కి ‘వ’తో మైత్రి లేదు. ‘వయసు డెబ్బదేండ్లు, వన్నె తరుగలేదు’ అంటే సరిపోతుంది, గణాలూ చెడవు. ఆ రెక్కలు షోకు కోసం పెట్టినవి కావు. సన్నటి గొట్టాలు అల్లి చట్రం కట్టారు, అది పక్కల బాగా ఎత్తుగా వచ్చింది. మామూలు తలుపుకి చోటు లేక పైకి తెరిచారు.

మరో మూడు పూరణల్లో నిజంగానే అవ్వలు వచ్చారు. అవ్వలకు నమస్కారం, షరతు చూడండి.

నా పూరణ

మెరయు బంపరందు మెడవంచి తన మోము
వంకరైనఁ గాని వదలి పోక,
తాక మనసు పడియు తాకక నిలుచుండి
ముసలిదానిఁ జూచి మురిసె యువత.

“బంపరు ఇంగ్లిష్ కదా, పద్యంలోకి రానిచ్చారేం?” అని ఒకరు. దానికి తెలుగు మాట వెతికితే బండి వెళ్లిపోతుంది. “ఇంతకీ ఏ బండి అది?” అని ఇంకొకరు. పేరు చూసుకునే తీరికే లేదండీ. క్రోము మీద నా ముక్కు సొరకాయంత కనబడింది, వేలిముద్ర పడుతుందేమోనని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అంతలో సొంతదారు వచ్చి తలుపు తీశాడు.