బాసర సీట్లకు సర్కారు బడి పిల్లలకు కలిపే 0.4 న్యాయమేనా?

(తెలంగాణ పదో తరగతిలో జీపీఏ ఇచ్చిన రోజుల నాటి వాదన ఇది. 2025 నుంచి జీపీఏ బదులు మార్కులు ఇస్తున్నారు.)

నిర్మల్ నాన్న: బాసర ట్రిపుల్ ఐటీల ఎంట్రన్స్ లేదు, పదో తరగతి జీపీఏ, అంటే పదికి ఇచ్చే గ్రేడు పాయింట్లు చూసి సీటిస్తరు. సర్కారు, జెడ్పీ, మున్సిపల్ బళ్ల చదివినోళ్లకు మాత్రం 0.4 కలుపుతరు. మా బిడ్డది ప్రైవేటు బడి, 9.8. జెడ్పీల 9.5 వచ్చిన పిల్ల 9.9 అయి ముందటికి పోతది. గిదేం మెరిట్?

లెక్కల సార్: ఆ యూనివర్సిటీని 2008లో పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం. నేను జెడ్పీ హైస్కూల్లో పనిచేస్తాను. పోయినేడు ఫిజికల్ సైన్స్ సార్ బదిలీ అయితే దసరా దాటేదాకా ఎవరూ రాలేదు. కరెంటు పాఠం నేనే చెప్పాను, వచ్చినంత వరకు. నాట్లప్పుడు ఆడపిల్లలు సగం మంది బడికే రారు. అట్లాంటి చోట 9.5 తెచ్చుకోవడం చిన్న విషయమా?

గురుకులం తమ్ముడు: రెసిడెన్షియల్ బళ్లకు 0.4 లేదు. మా నాయన కూలికి పోతడు. మేమేం పాపం చేసినం?

పీయూసీ (బాసరలో ఇంటర్‌కు సమానమైన చదువు) సీనియర్: సబ్జెక్టుకు 20 ఇంటర్నల్ మార్కులు బడి చేతిలోనే ఉంటయి. ప్రైవేటోళ్లు 20కి 20 వేసుకుంటరు. ముందు దాని సంగతి చెప్పండి.

నిర్మల్ నాన్న: జెడ్పీల వెయ్యరా 20? ఇంటర్నల్స్ ముచ్చట తెచ్చి మాట మార్చకు తమ్మీ.

పీయూసీ సీనియర్: మార్చలే. మీ 9.8ల అవెన్ని?

నిర్మల్ నాన్న: మా బిడ్డ దొంగ మార్కులు తెచ్చుకున్నదంటవా? నేను ట్రాలీ ఆటో నడుపుత. ఇంటామె బీడీలు చుడుతది. చిట్టీ ఎత్తి ఫీజు కట్టినం. లెక్కల సారూ, మీ పిల్లలు ఏ జెడ్పీల చదివిండ్రు?

లెక్కల సార్: నా కూతురు ప్రైవేటులోనే చదివింది. రెండు బళ్లూ దగ్గర్నుంచి చూశాను గనకే 0.4 కూడా తక్కువంటున్నాను.

నిర్మల్ నాన్న: జీతం వచ్చే మీ ఇల్లు, మా ఇల్లు మీ లెక్కల ఒక్కటే! కడుపు కట్టుకొని చదివిస్తే ఉన్నోళ్ల కింద జమ కట్టిండ్రు. కొలిస్తే ఇంటి సంపాదన కొలువుండ్రి. బడి ఎందుకు?

లెక్కల సార్: సంపాదన సర్టిఫికెట్ ఎట్లా పుడుతుందో మండలాఫీసు చుట్టూ తిరిగిన వాళ్లకు తెలుసు. అగ్రవర్ణ పేదల ఈడబ్ల్యూఎస్ కోటాకు పెట్టిన ఏడాదికి 8 లక్షల గీత చూడండి, నేలకూ మేడకూ ఒకటే. ఏ బడిలో చదివిందీ మాత్రం దాచలేరు. ఇంకోటి చెప్తా, కోపం తెచ్చుకోకండి. మీ బిడ్డ వెనక మీరున్నారు. మా క్లాసులో ఒక పిల్ల తండ్రి దుబాయిలో చిక్కుకుపోయాడు, తల్లికి చదువు లేదు. ఆమె కోసం చిట్టీ ఎత్తేదెవరు?

గురుకులం తమ్ముడు: ఆ పిల్లనే గురుకులంల చేరితే 0.4 పోతది గద సార్. తండ్రి దుబాయిలనే ఉంటడు.

లెక్కల సార్: అక్కడ హాస్టలుంది, రాత్రి స్టడీ అవరుంది, అడిగితే చెప్పే సారుంటారు.

నిర్మల్ నాన్న: మరి అదే సారును జెడ్పీకి ఎందుకు వెయ్యరు? పోస్టు నింపక సర్కారు మిగిలిచ్చుకున్న జీతం మా బిడ్డ సీటుతోని కట్టుకుంటున్నరు.

లెక్కల సార్: పోస్టు నింపమని అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను. కానీ మొన్న పరీక్ష రాసేసిన పిల్లకు వచ్చే ఏడు వేసే సారుతో పనేముంది? సీటు ఇప్పుడే కావాలి.