గట్టిగా వినబడే 'క్యాన్'

ప్రశ్న: అన్నా, నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఇంగ్లీషు సినిమాలో సబ్‌టైటిల్స్ ఉంటే అంతా తెలుస్తుంది, తీసేస్తే సగం మాటలు మింగేస్తున్నట్టు ఉంటుంది. వాళ్ల వేగమే కారణమా?

జవాబు: వేగం ఒక్కటే కాదు తమ్ముడూ. వాళ్లు నిజంగానే మింగుతారు, కాకపోతే ఒక పద్ధతిలో మింగుతారు. మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఎంత చిన్న అక్షరమైనా దాని మాత్ర దానికి దక్కుతుంది. మన చెవికి అదే అలవాటు. ఇంగ్లీషులో ఊనిక, అంటే నొక్కి పలకడం, పడ్డ చోటే అచ్చు నిండుగా పలుకుతుంది. మిగతా చోట్ల చాలావరకు 'అ'లాంటి పొట్టి అచ్చుగా నలిగిపోతుంది. దాని పేరు ష్వా. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అచ్చు అదే, అయినా దానికంటూ ఒక అక్షరం లేదు. ఫోటోగ్రాఫ్ వాళ్ల నోట 'ఫోటగ్రాఫ్'. ఫోటోగ్రఫీ అనేసరికి ఊనిక పక్కకు జరిగి 'ఫటాగ్రఫీ' అవుతుంది. 'ఫో' కోసం కాచుకుని కూర్చుంటే మాటే దాటిపోతుంది.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక అమెరికా క్లయింట్ కాల్‌లో 'వీ క్యాన్' అని స్పష్టంగా విన్నాను. శుక్రవారానికి ఇచ్చేస్తారని మా వాళ్లందరికీ మెయిల్ పెట్టాను. ఆయన అన్నది 'క్యాన్ట్'! శుక్రవారం సాయంత్రం దాకా ఎదురుచూశాం, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అమెరికన్ల మాటలో ఆ చివరి 'ట్' చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది. 'చేయగలం' అనాలంటే మామూలుగా 'వీ కన్ డూ ఇట్' అంటారు, బరువంతా 'డూ' మీదే. వాక్యం చివర వస్తేనో, నొక్కి చెబితేనో తప్ప 'క్యాన్' నిండుగా పలకదు. 'క్యాన్ట్'లో మాత్రం అచ్చు నిండుగానే ఉంటుంది. అందుకే నేను 'ట్' కోసం చూడటం మానేసి అచ్చునే వింటున్నాను.

ఇంకొకరు: మనమూ మింగుతాం కదండీ? మునగకాయను మునక్కాయ అనే అంటాం.

జవాబు: మంచి మాట చెప్పారండీ. కానీ అక్కడ 'గ' పోయినా 'క్క' అని ఒత్తు మిగిలింది, అక్షరం పోయిన జాడ చెవికి అందుతుంది. ఇంగ్లీషు 'అండ్' ఒక్కోసారి వట్టి 'న్' అయిపోతుంది, రాక్ న్ రోల్‌లో లాగా.

తమ్ముడూ, ఒక్క వాక్యం తీసుకుని నాలుగైదు సార్లు విను. ముందు గట్టిగా వినబడ్డ ముక్కలే కాగితం మీద రాయి. మధ్యలో చిన్న మాటలు ఏవి పట్టవచ్చో ఆ తర్వాత ఊహించి, సబ్‌టైటిల్‌తో సరిచూడు. ఎక్కడైనా చిక్కుపడితే ఆ వాక్యం ఇక్కడ పెట్టు, ఊనికలు కలిసి గుర్తిద్దాం.