ట్రాక్టరు వెనక బ్లేడుకు స్కిడ్ షూలు ఎట్ల బిగించల్ల?

ధర్మవరం రైతు:
అన్నా, చేనుదావకు రెండు ట్రిప్పర్ల గరుసు తోలించినా. బ్లేడు దించితే సగం గరుసు కాలవలోకి పాయ. బ్లేడు అంచును నేలకు కొంచెం ఎత్తులో ఆపే స్కిడ్ షూలు (నేల మీద జారే ఇనుప పాదాలు) తెచ్చి బిగిస్తే ఒకపక్క గీకుతాది, ఇంకోపక్క గాల్లో ఉంటాది.

తాడిపత్రి:
బండిని నాపబండల మీదనో, సిమెంటు నేల మీదనో నిలుపు. బ్లేడు అంచు కింద రెండుపక్కలా అంగుళం మందం చెక్కలు పెట్టి దించు. షూలు నేలకు ఆనించి, రెండుపక్కలా సమానంగా వాషర్లేసి బిగించు. అన్నిటికన్నా మొదట టైర్లలో గాలి చూడప్పా! నేను ఒకరోజంతా షూలతో కుస్తీ పట్టినా, తీరా చూస్తే ఎడమ టైరు దిగిపోయుండాది.

పులివెందుల:
కుడి లిఫ్ట్ రాడ్డు (బ్లేడును కుడిపక్క ఎత్తి పట్టే రాడ్డు) తిప్పి చూడు, తప్పు షూలది కాకపోవచ్చు. షూ మడమ (వెనక కొస) మీద నిలబడితే టాప్ లింకు (ట్రాక్టరుకూ బ్లేడుకూ నడుమ పైన ఉండే రాడ్డు) సర్దు. పనిలో బ్లేడు ఎత్తి దించే లివరు పూర్తిగా కిందికి వదిలెయ్, బరువు షూల మీద పడల్ల.

ధర్మవరం రైతు:
రాడ్డేన్నా! నాలుగు చుట్లకు సరిపాయ. నల్లరేగడిలో కూడా ఇంతేనా?

తాడిపత్రి:
మన్ను కోయాలంటే షూలు తీసెయ్. ఉంటే అంచు దిగదు. తడిలో అయితే షూలే దిగబడతాయి.