గచ్చిబౌలి స్టేడియాన్ని పునర్నిర్మించి ఆసియా కప్ వేదికగా అడగవచ్చా?

దక్కన్ వింగర్ (ప్రశ్న)

గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియాన్ని పూర్తిస్థాయి ఫుట్‌బాల్ స్టేడియంగా పునర్నిర్మించి, భారత్ ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఆసియా కప్ ఆతిథ్యానికి బిడ్ వేసినప్పుడు హైదరాబాదును ఒక వేదికగా ముందుకు తేవడం సాధ్యమేనా అన్నది నా ప్రశ్న. అభిమానంతోనే అడుగుతున్నాను గానీ, జవాబులు మాత్రం అనుభవం, లెక్క ఉన్నవై ఉంటే సంతోషిస్తాను.

తెలియనివారి కోసం కొంత నేపథ్యం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం ఇది. మరుసటి ఏడాది ఆఫ్రో-ఆసియా క్రీడలకూ ఇదే వేదిక. అంటే పుట్టుకతోనే ఇది అథ్లెటిక్స్ స్టేడియం. ఫుట్‌బాల్ తర్వాత వచ్చి చేరింది. 2019 నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానమైంది. 2024లో అయితే సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో మలేసియాతో భారత్ స్నేహపూర్వక మ్యాచ్, డిసెంబరు 31న రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ వరుసగా ఇక్కడే జరిగాయి. మరుసటి ఏడాదే క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

సంతోష్ ట్రోఫీ ఫైనల్‌ను గోల్‌పోస్టు వెనుక వంపు తిరిగిన గ్యాలరీలో కూర్చుని చూశాను. మాకూ మైదానానికీ మధ్య పరుగు పందేల ట్రాక్, దాని లోపల మరికొంత ఖాళీ స్థలం. అవతలి పెనాల్టీ ఏరియాలో ఏం జరుగుతున్నదో చొక్కాల మీది నంబర్లను బట్టి పోల్చుకోవడం కూడా కష్టమైంది. అటువైపు గ్యాలరీ లేచి నిలబడితే ఏదో జరిగిందని మాకు అర్థమయ్యేది. భారత జట్టు కోచ్‌గా పేరుపొందిన మన రహీం సాబ్ శిష్యులు ఆడిన ఊరిలో ఆటను ఇంత దూరం నుంచి చూడవలసి రావడం బాధ కలిగించింది. ఆ ట్రాక్ తీసేయడం మంచిదా, ఉన్నదాన్నే బాగుచేయడం మంచిదా, ముందు కట్టి తర్వాత అడగాలా, లేక ముందు ఆతిథ్యం సంపాదించి ఆ ఊపులో కట్టాలా? తెలిసినవారు చెప్పగలరు.

ఖరగ్‌పూర్ తెలుగోడు

వింగర్ గారూ, నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాడిని, ఉద్యోగం కోల్‌కతాలో. 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం సాల్ట్ లేక్ స్టేడియం ఎలా మారిందో దగ్గర నుంచి చూశాను కాబట్టి ఆ సంగతులు చెబుతాను.

భారత్‌కు ఆ టోర్నమెంటు 2013 డిసెంబరులో ఖాయమైంది. ఢిల్లీ, కొచ్చి, గోవా, గువాహటి, నవీ ముంబయి, కోల్‌కతా వేదికలయ్యాయి. వీటిలో ఒక్కటీ ఆ టోర్నమెంటు కోసం కొత్తగా కట్టింది కాదు; ఉన్నవాటినే బాగుచేశారు. సాల్ట్ లేక్ 1984లో మొదలైనప్పుడు లక్షా ఇరవై వేల మంది పట్టేదని చెప్పుకునేవారు. ఆ లెక్క సిమెంటు మెట్ల మీద భుజం భుజం ఆనించి కూర్చోబెట్టిన లెక్క. ప్రపంచకప్ నాటికి మెట్ల మీద విడివిడి కుర్చీలు బిగించి, బయటకు వెళ్లే దారులు వెడల్పు చేసేసరికి సామర్థ్యం 66 వేల చిల్లరకు దిగింది. 2011లో పరిచిన కృత్రిమ పచ్చికను పూర్తిగా పెకలించి మళ్లీ సహజమైన గడ్డి పెంచారు. స్టేడియం చిన్నదైపోయిందని ఊళ్లో పెద్దవాళ్లు చాలా రోజులు సణిగారు; 2017 అక్టోబరు 28న ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించిన ఫైనల్ రోజున, ఎవరి సీట్లో వారు కూర్చుని చూశాక ఆ సణుగుడు తగ్గింది.

మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. సాల్ట్ లేక్‌లో ట్రాక్ ఇప్పటికీ ఉంది. ఢిల్లీ, గువాహటి స్టేడియాల్లోనూ ఉంది. అంటే ట్రాక్ ఉన్నంత మాత్రాన వేదిక అర్హత పోదు. చూసేవాడి సుఖం పోతుందంతే. నిర్వాహకులు గట్టిగా పట్టుబట్టేది వేరే సంగతుల మీద. టోర్నమెంటు రోజుల్లో ప్రాంగణం మొత్తం వారి అధీనంలో ఉండాలి, వేరే వ్యాపారమేదీ లోపల ఉండకూడదు. కొచ్చిలో గ్యాలరీల కింద ఏళ్ల తరబడి నడుస్తున్న దుకాణాలను ఈ కారణంగానే ఖాళీ చేయమన్నారు. వ్యాపారులు హైకోర్టుకు వెళ్లారు. ప్రేక్షకుల భద్రత పేరుతో అక్కడ సీట్ల సంఖ్యను కూడా బాగా కోసేశారు.

రెండోది శిక్షణ మైదానాలు. స్టేడియంతో సమానమైన గడ్డి ఉన్న మైదానాలు నగరంలో మరి కొన్ని చూపించాలి. కొచ్చిలో మహారాజాస్ కళాశాల మైదానం, ఫోర్ట్ కొచ్చిలోని రెండు మైదానాలు, పనంపిళ్లి నగర్ మైదానం ఇందుకోసం సిద్ధం చేయవలసి వచ్చింది. అసలు స్టేడియం కంటే వీటి ఆలస్యమే నిర్వాహకులను ఎక్కువగా కంగారు పెట్టింది. హైదరాబాదులో అలాంటివి ఎన్ని చూపించగలమో ముందు లెక్కవేయండి. ఎల్బీ స్టేడియంను ఆ లెక్కలో చేర్చాలంటే, సభలకూ ప్రమాణస్వీకారాలకూ దాన్ని ఇవ్వడం మానుకోవాలి. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది అక్కడే కదా. వేలమంది నడిచి, వందల కుర్చీలు దిగబడిన గడ్డి మీద ఏ జాతీయ జట్టూ సాధన చేయదు.

లగాన్ ఒడ్డు

నేను ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాను. ముందు ఆతిథ్యం సంపాదించి తర్వాత కడదామన్న ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో మా ఊరిలోని కేస్‌మెంట్ పార్క్ చూస్తే తెలుస్తుంది. కొంచెం పొడవుగా చెప్పక తప్పదు, క్షమించాలి.

కేస్‌మెంట్ పార్క్ నిజానికి మనం అనుకునే ఫుట్‌బాల్ స్టేడియం కాదు. అది గేలిక్ క్రీడల (ఐర్లండ్ సంప్రదాయ ఆటల) సంఘానిది, పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో ఇళ్ల మధ్య ఉంటుంది. 2011లో ప్రాంతీయ ప్రభుత్వం నగరంలోని మూడు క్రీడల స్టేడియాలకు డబ్బు కేటాయించినప్పుడు దీన్నీ పునర్నిర్మించాలని నిర్ణయించారు. రగ్బీ వాళ్ల రావెన్‌హిల్, ఫుట్‌బాల్ వాళ్ల విండ్సర్ పార్క్ పనులు పూర్తయ్యాయి. కేస్‌మెంట్ మాత్రం 2013లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. 38 వేల సీట్లతో వేసిన మొదటి ప్లాను తమ ఇళ్లను కప్పేస్తుందని చుట్టుపక్కలవారు కోర్టుకు వెళ్లారు. 2014 డిసెంబరులో హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. ఆపద సమయంలో అంతమందిని ఆ ఇరుకు వీధుల్లోకి ఎలా పంపిస్తారన్న ప్రశ్న కూడా అప్పుడే గట్టిగా వచ్చింది. తర్వాత దాదాపు 34,500 సీట్లకు తగ్గించి వేసిన ప్లానుకు 2021లో అనుమతి దొరికింది.

ఈలోగా బ్రిటన్, ఐర్లండ్ కలిసి యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నమెంటు యూరో 2028కి బిడ్ వేశాయి. యూరో మ్యాచ్ జరగాలంటే కనీసం 30 వేల సీట్లు కావాలి; విండ్సర్ పార్క్‌లో ఉన్నవి 18,500 మాత్రమే. అందువల్ల ఉత్తర ఐర్లండ్ తరఫున ఇంకా కట్టని కేస్‌మెంట్‌నే జాబితాలో పెట్టారు. పోటీలో ఉన్న టర్కీ, ఇటలీతో కలిసి 2032 వైపు వెళ్లిపోవడంతో 2023 అక్టోబరులో బ్రిటన్-ఐర్లండ్‌లకు ఆతిథ్యం పోటీ లేకుండానే దక్కింది. గెలిచిన రోజున ఇక్కడ సంబరం చూడాలి! స్థలంలో మాత్రం అప్పటికీ గడ్డి మొలిచిన పాత మెట్లే ఉన్నాయి. బిడ్ గెలిచిన నాటికి 18 కోట్ల పౌండ్లనుకున్న ఖర్చు 40 కోట్లు దాటవచ్చని తేలింది. ఐర్లండ్ ప్రభుత్వం 5 కోట్ల యూరోలు, గేలిక్ సంఘం కోటిన్నర పౌండ్లు ఇస్తామన్నా, మిగతాది ఎవరు భరిస్తారో ఎవరూ సంతకం పెట్టి చెప్పలేదు. 2024 సెప్టెంబరులో లండన్ ప్రభుత్వం, టోర్నమెంటు నాటికి పూర్తవుతుందన్న భరోసా కూడా లేదు కాబట్టి డబ్బు ఇవ్వలేమని తేల్చేసింది. పది వేదికల టోర్నమెంటు తొమ్మిది వేదికలకు దిగింది. బెల్‌ఫాస్ట్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఉండదు.

2025 జూన్‌లో లండన్ 5 కోట్ల పౌండ్లు ప్రకటించింది, కానీ అది యూరో కోసం కాదు, గేలిక్ క్రీడల స్టేడియం కోసం. బిడ్ ఊపులో డబ్బు దానంతట అదే వస్తుందని అనుకునేవారికి నేను చెప్పేది ఇదే: ఊపు వల్ల ఖర్చు పెరిగింది, గడువు బిగిసింది, డబ్బు మాత్రం రాలేదు. వింగర్ గారూ, గచ్చిబౌలికి ఎవరు ఎంత ఇస్తారన్న కాగితం చేతికి రాకుండా బిడ్‌లో ఊరి పేరు రాయించవద్దు.

పునాది రాయి

వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. లగాన్ ఒడ్డు గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, కేస్‌మెంట్ ఉదాహరణను గచ్చిబౌలికి నేరుగా తెచ్చి అతికించడం సరికాదు. అక్కడ సమస్య ఇళ్ల మధ్య ఇరుకు స్థలం. గచ్చిబౌలిలో స్థలం ప్రభుత్వానిది, ప్రాంగణంలోనే ఇండోర్ స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం ఉన్నాయి, అవుటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది. మెట్రో మాత్రం రాయదుర్గంలోనే ఆగిపోతుంది. మ్యాచ్ అయ్యాక ఐటీ ఉద్యోగుల రద్దీ మధ్య జనాన్ని అక్కడికి చేర్చడం పెద్ద పని.

మన సమస్య పైన కనబడే గ్యాలరీల కంటే కింద కనబడని నేలలో ఎక్కువగా ఉంది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ హైదరాబాదుకే వచ్చింది. జులై చివర, ఆగస్టు మొదట్లో, అంటే నడి వానాకాలంలో పెట్టారు. వానలకు ఇక్కడ మైదానాలు తట్టుకోలేకపోవడంతో ఫైనల్‌ను ఢిల్లీలోని అంబేడ్కర్ స్టేడియంకు తరలించారు. సునీల్ ఛెత్రి హ్యాట్రిక్‌తో తజికిస్తాన్‌ను 4-1తో ఓడించి భారత్ 2011 ఆసియా కప్‌కు అర్హత సాధించిన ఆ మ్యాచ్ మన కళ్ల ముందు జరగవలసింది. 2017లో గువాహటిలోనూ ఇంతే. వానకు మైదానం పాడై బ్రెజిల్-ఇంగ్లండ్ సెమీఫైనల్ కోల్‌కతాకు వెళ్లిపోయింది. చెడిన మైదానం రాత్రికి రాత్రే టోర్నమెంటును ఊరు దాటించగలదని ఈ రెండూ చూపించాయి.

కాబట్టి నా వరుసలో మొదటి పని గడ్డి కింద ఉంటుంది. పైపొరలో ఇసుక ఎక్కువగా ఉన్న మట్టి, దాని కింద కంకర పొర, ఆ కంకరలో చేపముల్లు ఆకారంలో పరిచిన చిల్లుల గొట్టాలు, అవన్నీ వెళ్లి కలిసే పెద్ద కాలువ. ఆ కాలువ చివర నీరు బయటకు పోయే దారి రోడ్డు పక్క మురుగుకాలువ మట్టం కంటే ఎత్తులో ఉండాలి. ఈ చివరి సంగతి మరిచిపోతే పైన ఎంత ఖర్చు పెట్టినా గట్టి వాన పడినప్పుడు నీరు వెనక్కి తన్నుతుంది. ఇదంతా టీవీలో కనబడదు, శంకుస్థాపన ఫోటోలకు పనికిరాదు, అందుకే టెండర్లలో చివరికి వస్తుంది. ఇటీవలి రెండు ఆసియా కప్‌లు జనవరిలో జరిగాయి నిజమే. ఆ నెలలో హైదరాబాదులో వాన భయం ఉండదు. అయినా మైదానం ఏడాది పొడవునా బతికి ఉంటేనే జనవరిలో బాగుంటుంది.

ట్రాక్ విషయంలో నా అభిప్రాయం వేరు. దాన్ని తీసేయకూడదు. తెలంగాణ అథ్లెట్లకు ఆ సింథటిక్ ట్రాక్ అవసరం. ఇంకోచోట దానికి సమానమైనది కట్టకుండా దీన్ని తవ్వడం ఒక ఆట నోటి కూడు తీసి ఇంకో ఆటకు పెట్టడమే. పారిస్ శివారులోని స్టేడ్ డి ఫ్రాన్స్‌లో కింది గ్యాలరీ ముందుకూ వెనక్కీ జరుగుతుంది, అందువల్ల రెండు ఆటలూ నడుస్తాయి. కానీ లండన్ ఒలింపిక్ స్టేడియంలో అలా సీట్లు జరపడానికే ఏటా మిలియన్ల పౌండ్లు ఖర్చవుతున్నాయి. మన దగ్గర ఆ ఖర్చు రెండో ఏడాదే ఆగిపోతుందని, సీట్లు ఒకే చోట తుప్పుపట్టి ఉండిపోతాయని నాకు అనుమానం.

దక్కన్ వింగర్

అందరికీ ధన్యవాదాలు. పునాది రాయి గారూ, ట్రాక్ గురించి మీరు చెప్పిన న్యాయం కాదనలేను, అయినా గోల్‌పోస్టు వెనుక కూర్చున్నవాడి బాధ అలాగే ఉంది. ట్రాక్‌ను ఉంచి ఆ రెండు వంపుల్లో ఏమైనా చేయగలమా? ఇంకో సందేహం: ఇవన్నీ సిద్ధం చేసినా బిడ్ వేసేది మనం కాదు కదా. నగరం తరఫున ఎవరిని అడగాలి?

ఖరగ్‌పూర్ తెలుగోడు

బిడ్ వేసేది జాతీయ సమాఖ్య, అంటే ఏఐఎఫ్‌ఎఫ్. వీసాలు, పన్ను మినహాయింపులు, భద్రత వంటి హామీలు కేంద్రం ఇవ్వాలి. స్టేడియం, శిక్షణ మైదానాల హామీ రాష్ట్రానిది. ఈ గొలుసులో పైకొస తెగితే కిందివారు చేయగలిగింది లేదు. 2027 ఆసియా కప్‌కు చివరి వరకు పోటీలో మిగిలినవి భారత్, సౌదీ అరేబియా రెండే. 2022 డిసెంబరులో ఏఐఎఫ్‌ఎఫ్ తన ప్రాధాన్యం పెద్ద టోర్నమెంట్ల నిర్వహణ కాదని, ఆటకు పునాదులు వేయడమని చెప్పి తప్పుకుంది. రెండు నెలలకు సౌదీకి ఆతిథ్యం దక్కింది. ఆతిథ్యం దొరికాక వదులుకున్న దేశాలూ ఉన్నాయి: 2023 టోర్నమెంటును 2019లో సంపాదించిన చైనా 2022 మేలో కొవిడ్ కారణంగా వదిలేస్తే, అది ఖతార్‌కు వెళ్లింది. టోర్నమెంటు వస్తుందన్న ఒక్క కారణంతో గచ్చిబౌలి మీద ఖర్చు పెడితే, ఇలాంటి నిర్ణయం ఎక్కడో ఒకటి జరిగిన రోజున ఇక్కడి పనులు ఆగిపోతాయి. ముందు ఈ మైదానంలో వారం వారం ఆడే క్లబ్బును వెతకండి. క్లబ్బు లేని స్టేడియానికి గడ్డి కోసేవాడి జీతం కూడా భారమే.

పునాది రాయి

వింగర్ గారి వంపుల ప్రశ్నకు: శాశ్వతంగా కట్టకుండా, ట్రాక్ మీద రక్షణ పలకలు పరిచి ఉక్కు చట్రాలతో తాత్కాలిక గ్యాలరీలు నిలబెట్టవచ్చు. టోర్నమెంటు అయ్యాక విప్పేయవచ్చు. అయితే వాటి ఎత్తు వెనుక ఉన్న శాశ్వత గ్యాలరీ కింది వరుసల చూపును అడ్డుకుంటుంది కాబట్టి ఆ వరుసల్లో టికెట్లు అమ్మకూడదు. ఎన్ని సీట్లు కలుస్తాయో, ఎన్ని పోతాయో తేలాలంటే ఇప్పుడున్న గ్యాలరీ కొలతలు కావాలి. పాత డ్రాయింగులు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, లెక్క కట్టి చూపిస్తాను.