వృద్ధ రోగులలో యాంటీకోలినెర్జిక్ మందుల భారం: ఏ స్కేలును నమ్మాలి?

ప్రశ్న
అడిగినవారు: వార్డు ఫార్మసిస్ట్

అందరికీ నమస్కారం. 65 ఏళ్లు దాటిన ఇన్‌పేషెంట్ల మందుల చీటీలను సమీక్షించే పనిని ఇటీవల మా విభాగానికి అప్పగించారు. ప్రతి రోగికీ యాంటీకోలినెర్జిక్ భారాన్ని, అంటే అసిటైల్‌కోలిన్ అనే నరాల రసాయనం పనిని అడ్డుకునే మందుల మొత్తం ప్రభావాన్ని, ఒక అంకెగా లెక్కగట్టి, ఆ అంకె ఒక హద్దు దాటితే చీటీని డాక్టరు దృష్టికి తీసుకెళ్లాలన్నది ఆలోచన. అయితే ఒకే చీటీకి ఒక్కో స్కేలు ఒక్కో సమాధానం చెబుతూ ఉండడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఉదాహరణకు, గుండె వైఫల్యం ఉన్న 78 ఏళ్ల మహిళ ఒకరు ఒంట్లో నీటిని మూత్రంగా తీసేసే ఫ్యూరోసెమైడ్, గుండెకు మెటోప్రొలాల్, మూత్రం ఆపుకోలేకపోతున్నందుకు టోల్టెరొడిన్ 4 మిల్లీగ్రాములు, రాత్రి నిద్ర కోసం క్వెటియాపిన్ 25 మిల్లీగ్రాములు వాడుతున్నారనుకుందాం. యాంటీకోలినెర్జిక్ కాగ్నిటివ్ బర్డెన్ స్కేలు, అంటే ఏసీబీ ప్రకారం క్వెటియాపిన్‌కు 3, టోల్టెరొడిన్‌కు 3, మిగతా రెండింటికీ తలా 1 చొప్పున మొత్తం 8 వస్తుంది. యాంటీకోలినెర్జిక్ రిస్క్ స్కేలు, అంటే ఏఆర్ఎస్ ప్రకారం టోల్టెరొడిన్‌కు 2, క్వెటియాపిన్‌కు 1 మాత్రమే కాబట్టి మొత్తం 3 దగ్గర ఆగిపోతుంది. మనిషి ఒక్కరే, మందులూ అవే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వస్తోంది? రోజువారీ సమీక్షకు దేన్ని ఎంచుకోవడం మంచిది?

జవాబు 1
రాసినవారు: వృద్ధుల వైద్య నిపుణురాలు

మంచి ఉదాహరణ ఇచ్చారు. ఈ రెండు స్కేళ్లూ 2008లోనే వచ్చినా వాటి ఉద్దేశాలు ఒకటి కావు. ఏఆర్ఎస్‌ను తయారుచేసినవారు నోరెండిపోవడం, మలబద్ధకం, తూలిపడడం, మతి తడబడడం వంటి దుష్ప్రభావాలన్నిటినీ దృష్టిలో పెట్టుకున్నారు. ఏసీబీ ప్రధానంగా మెదడుపై పడే ప్రభావం కోసం పుట్టింది. అందులో 1 అంటే ప్రయోగశాలలో మస్కరినిక్ గ్రాహకాలకు (కణాలపై అసిటైల్‌కోలిన్ పనిచేసే చోట్లకు) మందు అంటుకుంటున్నట్టు గానీ, రక్తరసంలో యాంటీకోలినెర్జిక్ లక్షణం ఉన్నట్టు గానీ కనిపించిందే తప్ప, మతిపై చెప్పుకోదగ్గ చెడు ప్రభావం రోగులలో రుజువు కాలేదని అర్థం. వైద్యపరంగా స్థిరపడిన ప్రభావం ఉన్న మందులకే 2, 3 పాయింట్లు దక్కుతాయి. మందు మెదడులోకి ఎంత చొరబడుతుందో, డెలీరియంతో (హఠాత్తుగా వచ్చే మతి అయోమయంతో) దానికి ఎంత సంబంధం ఉందో చూసి 2కీ 3కీ మధ్య గీత గీశారు.

కాబట్టి 1ని మూడుసార్లు కూడితే వచ్చే 3, కుంగుబాటుకు వాడే అమిట్రిప్టిలిన్ ఒక్కదానికే ఇచ్చే 3 చూడ్డానికి ఒకటే అయినా రోగి శరీరంలో ఒకటి కావు. ఫ్యూరోసెమైడ్‌కూ మెటోప్రొలాల్‌కూ తలా ఒక పాయింటు పంచడం తిలాపాపం తలా పిడికెడు అన్నట్టే ఉంటుంది. గుండె జబ్బు ముదిరినవారికి అలాంటి మందులు ఎక్కువగా ఉంటాయి గనుక, స్కోరు పెరిగినవారికి ముప్పు ఎక్కువని తేలినప్పుడు అందులో మందుల వాటా ఎంత, జబ్బు వాటా ఎంత అన్నది విడదీయడం కష్టమవుతుంది.

నా దృష్టిలో మీ చీటీలో అసలు విషయం 8లోనూ లేదు, 3లోనూ లేదు. ఫ్యూరోసెమైడ్‌ను ఏ వేళకు ఇస్తున్నారో ముందు కనుక్కోండి. మధ్యాహ్నం దాటాక రెండో మోతాదు పడుతూ ఉంటే ఆ రాత్రి నాలుగైదు సార్లు లేవక తప్పదు. దానికి మూత్రాశయ జబ్బు అని పేరు పెట్టి టోల్టెరొడిన్ రాసి ఉండవచ్చు, లేచినప్పుడల్లా చెదిరిన నిద్రకు క్వెటియాపిన్ వచ్చి చేరి ఉండవచ్చు. మొదటి మందు వేళ మారిస్తే తర్వాతి రెండింటి అవసరమే తగ్గిపోయే అవకాశం ఉంది. ఈ గొలుసును ఏ స్కేలూ పట్టుకోలేదు. రోజువారీ పనికి ఏసీబీయే వాడండి, ఎందుకంటే అది విస్తృతంగా వాడుకలో ఉంది, మొత్తం 3 లేదా ఆపైన ఉంటే సమీక్షించాలన్న హద్దు కూడా అందరికీ తెలిసినదే. కానీ దాన్ని చీటీ తెరవడానికి కారణంగా చూడండి, కొలతగా కాదు.

జవాబు 2
రాసినవారు: ఔషధ వినియోగ పరిశోధకుడు

డాక్టరుగారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. ఏసీబీ, ఏఆర్ఎస్ రెండింటిలోనూ మోతాదుకు చోటు లేదు. నరాల నొప్పికి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ తీసుకునేవారికీ, కుంగుబాటుకు 100 మిల్లీగ్రాములు తీసుకునేవారికీ అదే 3 పడుతుంది. ఈ లోటును పూడ్చే ప్రయత్నమే 2007లో వచ్చిన డ్రగ్ బర్డెన్ ఇండెక్స్. ఇందులో రోగి తీసుకునే రోజు మోతాదును, ఆ మోతాదూ కనిష్ఠ ప్రభావ మోతాదూ కలిపిన మొత్తంతో భాగిస్తారు. రెండూ సమానమైతే 0.5 వస్తుంది, మోతాదు ఎంత పెంచినా ఒక్కో మందు విలువ 1కి చేరదు. మీ ఉదాహరణలో కనిష్ఠ మోతాదు క్వెటియాపిన్‌కు 50గా, టోల్టెరొడిన్‌కు 4గా తీసుకుంటే 0.33, 0.5 కలిసి 0.83 అవుతుంది, గుండె మందులు రెండూ లెక్కలోకే రావు. అయితే ఈ సూచీ మత్తు కలిగించే మందులను కూడా కలుపుకుంటుంది గనుక, వచ్చిన అంకెను యాంటీకోలినెర్జిక్ భారం అని మాత్రమే చదవకూడదు.

కాలం అన్నది మరో కొలమానం. 2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం 65 ఏళ్లు దాటిన 3,434 మందిని సగటున 7.3 ఏళ్లు గమనించి, పదేళ్లలో వాడిన బలమైన యాంటీకోలినెర్జిక్ మందులను ప్రామాణిక రోజు మోతాదులుగా మార్చి కూడింది. ఆ మొత్తం 1,095 దాటినవారిలో, అంటే కనిష్ఠ ప్రభావ మోతాదున మూడేళ్లకు పైగా వాడినంత మందు తీసుకున్నవారిలో, అసలు వాడనివారితో పోలిస్తే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు 1.54 రెట్లుగా కనిపించింది. 2018లో బ్రిటన్‌లో 40,770 మంది డిమెన్షియా రోగుల రికార్డులతో చేసిన అధ్యయనంలో కుంగుబాటు, మూత్రాశయ, పార్కిన్సన్ మందులలో 3 పాయింట్లవాటికి సంబంధం కనిపించింది గానీ, జీర్ణకోశానికి వాడేవాటికి కనిపించలేదు. భారమంతా ఒకే రకమైనదైతే ఇలా జరగకూడదు కదా. నిద్రలేమి, కుంగుబాటు, మూత్ర సమస్యలు డిమెన్షియా బయటపడక ముందే దాని తొలి లక్షణాలుగా వచ్చి మందు రాయించుకుని ఉండవచ్చునన్న అనుమానం అందుకే పూర్తిగా తీరడం లేదు.

రక్తపరీక్షతో తేల్చేయవచ్చు కదా అని అడిగేవారుంటారు. ఎలుక మెదడు కణజాలంలోని మస్కరినిక్ గ్రాహకాలతో రక్తరసపు యాంటీకోలినెర్జిక్ శక్తిని కొలిచే పద్ధతిని పరిశోధకులు ట్యూన్, కోయల్ 1980లోనే చూపించారు. కానీ రక్తంలో ఉన్నదంతా మెదడుకు చేరదు. పైగా తీవ్రంగా జబ్బుపడిన వృద్ధుల రక్తంలో అలాంటి మందులు వాడకపోయినా కొంత శక్తి కనిపించవచ్చు. అందువల్ల అది పరిశోధనశాల దాటి మంచం పక్కకు రాలేదు.

జవాబు 3
రాసినవారు: సీనియర్ క్లినికల్ ఫార్మసిస్ట్

స్కేలు ఏదైనా, దానికి అందించే జాబితా సరిగ్గా లేకపోతే వచ్చేది కాకిలెక్కే. జలుబు మాత్రలలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, ఏసీబీలో దానికి 3 పాయింట్లు. రోగి దాన్ని మందుగానే లెక్కపెట్టరు గనుక 'మీ మందులేమిటి' అని అడిగితే చెప్పరు, 'జలుబు చేస్తే, దురద పుడితే, నిద్ర పట్టకపోతే ఏం వేసుకుంటారు' అని విడివిడిగా అడగాలి. అవసరమైనప్పుడే వేసుకునే మందుల విషయంలో గత రెండు వారాల వాస్తవ వాడకాన్ని రాసుకోవడం నాకు సబబుగా తోచింది. కంట్లో వేసే అట్రోపిన్ చుక్కలు, పీల్చే టియోట్రోపియం వంటివాటిని మొత్తంలో కలపకుండా పక్కన గుర్తుగా రాసుకోండి.

మరొక విషయం. స్కోరు తగ్గించాలన్న ఆత్రంతో ఏళ్ల తరబడి వాడుతున్న ట్రైసైక్లిక్ మందును (అమిట్రిప్టిలిన్ లాంటిదాన్ని) ఒక్కసారిగా ఆపేస్తే వికారం, చెమటలు, నిద్రలేమి, అలజడి మొదలవుతాయి. వాటిని చూసి మందు ఉండాల్సిందేనని తిరిగి రాసేస్తారు. ఒక సమయంలో ఒక్క మందునే, మెల్లగా తగ్గించాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. ఏసీబీనే వాడుతూ, మొత్తం పక్కన ఏ మందు ఎన్ని పాయింట్లు తెచ్చిందో కూడా రాయాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. క్వెటియాపిన్ ఆపగలిగితే 8 కాస్తా 5 అవుతుంది, అంటే ఇంకా హద్దు పైనే ఉంటుంది. అలాంటప్పుడు సమీక్ష ఫలించలేదని నమోదు చేయాలా?

జవాబు 4
రాసినవారు: వృద్ధుల వైద్య నిపుణురాలు

అక్కర్లేదు. ఆ 5లో 2 గుండె మందులవి, వాటిని పాయింట్ల కోసం కదిలించకూడదు. మార్చగలిగిన 6 పాయింట్లలో 3 తగ్గాయని రాయండి. ఫ్యూరోసెమైడ్ వేళ సరిచేశాక కూడా మూత్ర సమస్య ఉండిపోతే, రక్తపోటు అదుపులో ఉందని చూసుకుని టోల్టెరొడిన్ బదులు మిరాబెగ్రాన్‌ను ఆలోచించవచ్చు, అది మస్కరినిక్ గ్రాహకాల జోలికి పోదు. స్కోరుతో పాటు మలవిసర్జన ఎలా ఉంది, మూత్రాశయంలో మూత్రం మిగిలిపోతోందా, పగటిపూట మెలకువగా ఉంటున్నారా, ఈమధ్య పడిపోయారా అన్నవి మార్పుకు ముందూ, కొన్ని వారాల తర్వాతా నమోదు చేయండి. మందులు తగ్గిస్తే స్కోరు తగ్గుతుందని చూపించడం తేలిక. మతి మెరుగుపడుతుందని చూపించడంలో మాత్రం ఇప్పటివరకూ వచ్చిన ఫలితాలు ఒకే తీరుగా లేవు, కాబట్టి కుటుంబసభ్యులకు ఆ హామీ ఇవ్వకండి.